జేమీ నోట ఆ ఒక్క మాట

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర నన్ను తిట్టడానికే సరిపోయాయి, మిగిలిన అర పేజీ క్షేమసమాచారాలకు. నేను క్షేమమే. ఇక తిట్ల సంగతికి వస్తాను.

2019 మే నెలలో ముగిసిపోయిన టీవీ సీరియల్ గేమ్ ఆఫ్ థ్రోన్స్‌ను ఇన్నేళ్ల తర్వాత 73 ఎపిసోడ్లూ మళ్లీ చూశానంటే, పనీపాటా లేదా అన్నావు. లేదనే అనుకో. కానీ కథ తెలిసిపోయాక ఏమవుతుందోనన్న ఆత్రుత పోతుంది. ఎవరు ఏ పని ఎందుకు చేశారన్నదే కళ్లకు కడుతుంది. అందుకే నీ తీర్పుల్లో సగం ఒప్పుకోలేకపోతున్నాను.

మొదట, రాబర్ట్ రాజుకు మంత్రి అయిన నెడ్ స్టార్క్. వెర్రిబాగులవాడన్నావు. రాణి సెర్సీ పిల్లలు రాజుకు కాక ఆమె కవల సోదరుడు జేమీకి పుట్టినవాళ్లన్న రహస్యం తెలిసిన వాడు నేరుగా ఆమె దగ్గరకే వెళ్లి, "రాజు వేట నుంచి రాగానే చెప్పేస్తాను, ఈలోగా పిల్లల్ని తీసుకుని వెళ్లిపో" అని హెచ్చరిస్తాడా అని నీ ప్రశ్న. హెచ్చరిస్తాడు. అంతకు రెండు ఎపిసోడ్ల ముందే, పాత రాజు కూతురు, గర్భవతి అయిన డెనేరిస్‌ను చంపించాలని రాబర్ట్ అంటే పదవే వద్దని లేచి వచ్చేశాడు కదా. సెర్సీ పిల్లలను రాబర్ట్ ఏం చేస్తాడో అతనికి తెలుసు. ఆ తర్వాత రాజు తమ్ముడు రెన్లీ వంద కత్తులు సిద్ధం చేస్తాను, రాత్రికి రాత్రే పిల్లలను పట్టుకుందామన్నాడు. దానికీ ఒప్పుకోలేదు. మూడుసార్లూ పసివాళ్ల ప్రాణాలే అడ్డం వచ్చాయి. తెలివి తక్కువై కాదురా, అంతకంటే తక్కువ పని చేయలేక.

అతని అసలు ఎంపిక ఇంకా తర్వాత ఉంది, అతని తల తెగిన దృశ్యం చూశాక దాన్ని అందరూ మర్చిపోతారు. చెరసాలలో తన ప్రాణం గురించి లెక్కచేయనివాడు, రాజుగారి గూఢచారి వేరిస్ వచ్చి నెడ్ కూతురి ప్రాణం మాటెత్తగానే మెత్తబడ్డాడు. తర్వాత జనం ముందు నిలబడి తాను ద్రోహినని అబద్ధం చెప్పాడు. ధర్మరాజు అశ్వత్థామ హతః అన్నప్పుడు యుద్ధమైనా గెలిచాడు, నేలకు ఆనని రథం నేలకు దిగితే దిగింది. నెడ్‌కు ఆ మాత్రం లాభం కూడా దక్కలేదు. జీవితమంతా కాపాడుకున్న పరువును పిల్ల కోసం వదులుకున్నాడు, అయినా కొత్త రాజు, సెర్సీ కొడుకు జోఫ్రీ అతని తల తీయించాడు.

సరే, జేమీ. ఇక్కడ నీతో సగం రాజీపడతాను, కాబట్టి సంతోషించు.

తనను ప్రేమించిన యోధురాలు బ్రియెన్‌ను ఏడుస్తుండగా వదిలి సెర్సీ దగ్గరకు తిరిగి వెళ్లిపోవడం పాత్రను నాశనం చేసిందంటావు. అప్పట్లో నేనూ అదే అన్నాను. ఇప్పుడు అనను. మొదటి ఎపిసోడ్‌లో నెడ్ కొడుకు బ్రాన్‌ను కిటికీలోంచి తోసిందీ ఆ ప్రేమ కోసమే, చివరికి రాళ్ల కింద పడి చచ్చిందీ దాని కోసమే. మంచివాడుగా మారుతున్నాడని మనం మురిసిపోయాం కానీ, వ్యసనం విడవడమూ మంచివాడు కావడమూ వేరు వేరు. ఒకటి చేయగలిగినవాడు రెండోది చేయలేకపోవచ్చు.

నాకు మింగుడుపడనిది వేరే. ఎనిమిదో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో, గొలుసులతో కట్టేసి ఉన్న జేమీని విడిపిస్తూ తమ్ముడు టిరియన్ రాజధాని నగర ప్రజల మాటెత్తుతాడు చూడు. వాళ్ల గురించి తనకెప్పుడూ పెద్దగా పట్టింపు లేదంటాడు జేమీ. ఆ మాట వినగానే రిమోట్ పక్కన పడేశాను. మూడో సీజన్‌లో స్నానాల గదిలో బ్రియెన్‌కు ఏం చెప్పాడు? నగరం కింద వైల్డ్‌ఫైర్ అనే పచ్చటి మంటల మందు నింపి అందరినీ తగలబెట్టమన్న పిచ్చిరాజును, అంటే డెనేరిస్ తండ్రిని, వాళ్లను కాపాడటానికే చంపానన్నాడు. చేసిన ప్రమాణం, పరువు అన్నీ పోగొట్టుకుని, రాజహంతకుడన్న పేరు మోస్తూ ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోలేదు. ఎందుకు చెప్పలేదంటే, సింహాసనం దగ్గర తనను చూసిన క్షణంలోనే నెడ్ తీర్పు ఇచ్చేశాడట! చూశావా, నేను ఇంతసేపు వెనకేసుకొచ్చిన ఆ ధర్మాత్ముడి తప్పు ఇదీ. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది.

అసలు విడ్డూరం, ఆ ఎపిసోడ్‌లోనే నగరం తగలబడుతుంది. డెనేరిస్ డ్రాగన్ డ్రోగాన్ కురిపించిన నిప్పుల మధ్య అక్కడక్కడా పచ్చటి మంటలు ఎగిశాయి, గమనించావా? పిచ్చిరాజు దాచినవే. తండ్రి చేయబోయిందాన్ని జేమీ ఆపితే, కూతురు పూర్తిచేసింది. ఇంతటి ముడి చేతిలో పెట్టుకుని, ఆ రోజు ఆ వీధుల్లోనే ఉన్న జేమీ చేత "నాకు పట్టదు" అనిపించారు. ప్రేమే గెలిచిందని చూపడానికి అతని గతాన్ని అబద్ధం చేయక్కర్లేదు కదా. ప్రేమనూ ప్రజలనూ రెండూ పట్టించుకుని, ఒకదాన్ని వదిలి మరొకదాని వైపు నడిచి ఉంటే ఎంత బాధగా ఉండేది!

డెనేరిస్ విషయంలో మాత్రం నీకు ఎదురు చెప్పను. విత్తనాలు ఉన్నాయి, నిజమే. 163 మంది బానిస పిల్లల్ని శిలువ వేశారని 163 మంది బానిస యజమానులను శిలువ వేయించింది. తనకు లొంగని టార్లీ వంశపు తండ్రీకొడుకులను డ్రాగన్ మంటతో కాల్పించింది. అయితే ఆమే, డ్రోగాన్ ఒక చిన్నపిల్లను చంపాడని తెలియగానే, బిడ్డల్లా పెంచిన మిగతా రెండు డ్రాగన్లనూ ఏడుస్తూ గొలుసులు వేసి చీకట్లో మూసేసింది. తన తండ్రి వైల్డ్‌ఫైర్ సంగతి ఆరో సీజన్‌లో టిరియన్ ఆమెకు చెప్పాడు కూడా. అలాంటి మనిషి లొంగుబాటు గంటలు విన్నాక వీధుల మీదికి నిప్పు దించాలంటే లోపల ఏదో ఒకటి తెగాలి. అది తెగడం మనం చూడాలి. ఒక్కసారి ఆమె ముఖం చూపి, ఆ తర్వాత కెమెరా వీధుల్లోకి దిగిపోయింది. ఆ తర్వాత దూరాన ఎగిరే డ్రాగన్ తప్ప ఆమె లేదు. మొదటి ఆరు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు ఇచ్చి, ఇంత పెద్ద మలుపున్న చివరిదానికి ఆరే ఇస్తే ఇంతకంటే ఏమవుతుంది?

నా మాట నమ్మకపోతే ఒక పని చెయ్. స్నానాల గది సన్నివేశం, దాని వెంటనే గుడారంలో అన్నదమ్ముల సంభాషణ, ఈ రెండే వరసగా చూడు. మధ్యలో లేవొద్దు. చూశాక రాయి, ఈసారి తిట్లకు రెండు పేజీలు మించకుండా.

అన్నట్టు, నెడ్ ఇంట పెరిగి ఆ ఇంటికే ద్రోహం చేసిన థియోన్ గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. అతనంటే ఇంకా కోపమేనా?

నీ
మొండి మిత్రుడు