బుడమేరు పూడ్చకుండానే బెజవాడకు స్థలం

సంపాదకులకు నమస్కారం.

విజయవాడలో ఇళ్లకూ వ్యాపారాలకూ స్థలం చాలడం లేదన్న చర్చ వచ్చినప్పుడల్లా రెండు దారులే వినిపిస్తాయి. ఒకటి, బుడమేరు వాగు పక్కనున్న పల్లాన్ని మెరక చేసి ప్లాట్లు వేయడం. రెండోది, ఊరికి దూరంగా పొలాలు కొని వెంచర్లు వేయడం. రెండూ నగరానికి చేటు చేస్తున్నవే. మూడో దారి ఒకటి చట్టంలోనే ఉంది: పక్కపక్కనున్న పొలాలను కలిపి రోడ్లు వేసి, మిగిలిన నేలను ప్లాట్లుగా యజమానులకే తిరిగివ్వడం. దాన్ని లెక్కలతో సహా పాఠకుల ముందు, అధికారుల ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాం.

దక్షిణాన కృష్ణ, పడమట ఇంద్రకీలాద్రి, ఉత్తరాన బుడమేరు. మధ్యలో బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, వాటికి తోడు రైలు పట్టాలు. ఇన్ని అడ్డంకుల మధ్య ఇరుక్కున్న ఊళ్లో ఒక్క గజం కూడా వృథా పోకూడదు. కానీ పోరంకి, నిడమానూరు, నున్న వైపు వెళ్లి చూడండి. ఇళ్ల వరసల వెనకాలే ఎకరాలకు ఎకరాలు సర్కారు తుమ్మ మొలిచి పడి ఉన్నాయి. వాటి యజమానులంతా రేటు పెరిగేదాకా ఆగినవాళ్లు కారు. చాలామందికి తమ పొలంలోకి దారే లేదు.

మన రాష్ట్రంలో ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు లేదు. ఒక స్థలంలో ఎన్ని అంతస్తులు లేవొచ్చో ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ కలిసి తేలుస్తాయి. ఎత్తయిన భవనాల తరగతిలోకి వెళ్లాలంటే కనీసం 12 మీటర్ల రోడ్డు, అంటే 40 అడుగులు ఉండాలి. పది పదిహేను అడుగుల డొంక పక్కనున్న రెండెకరాల కన్నా, అరవై అడుగుల రోడ్డు మీదున్న అరెకరం ఎక్కువమందికి ఇల్లు ఇస్తుంది. అందుకే స్థలాల కొరత గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని ఎకరాలున్నాయని లెక్కపెడితే సరిపోదు. వాటిలో ఎన్నింటికి సరైన రోడ్డుందో చూడాలి.

డెల్టా పొలాల ఆకారంలోనే అసలు చిక్కు ఉంది. కాలువ నీళ్లు అందరికీ పారాలని, అన్నదమ్ముల పంపకాల్లో ప్రతి ఒక్కరికీ బోదె తగలాలని, పొలాలు సన్నగా పొడుగ్గా చీలిపోయాయి. 60 అడుగుల వెడల్పు, 726 అడుగుల పొడవు ఉన్న చెక్క సరిగ్గా ఒక ఎకరం. దానికి పొడుగునా 40 అడుగుల రోడ్డు వేస్తే మిగిలేది 20 అడుగుల పట్టీ. ఇల్లు కట్టడానికి అది పనికిరాదు. రోడ్డు వేయకపోతే వెనకభాగం చచ్చిన నేల. ఏ ఒక్క యజమానీ తనంతట తాను లేఅవుట్ వేయలేడు. పక్కవాడు కలిస్తే తప్ప పని జరగదు, పక్కవాడికీ అదే ఇబ్బంది.

ఇప్పుడు అలాంటి చెక్కలు పదింటిని కలిపి చూడండి. 600 అడుగులు, 726 అడుగులు, మొత్తం పది ఎకరాలు. అడ్డంగా రెండు 40 అడుగుల రోడ్లు వేసి, ఒక అంచున 60 అడుగుల రోడ్డులో సగాన్ని ఈ పది ఎకరాల నుంచి తీసుకుంటే రోడ్లకు పోయేది 67,380 చదరపు అడుగులు. అంటే పదిహేనున్నర శాతం. విడిగా వేస్తే ఎకరంలో మూడింట రెండు వంతులు మింగే రోడ్డు, కలిసి వేస్తే ఆరో వంతు కూడా తినదు.

దీన్నే టౌన్ ప్లానింగ్ స్కీమ్ అంటారు. 2014 నాటి సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) చట్టంలో భూసమీకరణతో పాటు దీనికీ చోటుంది. గుజరాత్‌లో 1976 చట్టం కింద అహ్మదాబాద్ దశాబ్దాలుగా ఇలాగే పెరిగింది. అక్కడి 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగ్‌రోడ్డుకు చాలా మేరకు స్థలం ఈ స్కీముల ద్వారానే సమకూరింది. 2001 భూకంపం తర్వాత భుజ్ పాత బస్తీలో ఇరుకు సందులను వెడల్పు చేసింది కూడా ఈ పద్ధతిలోనే. ఆ చట్టం ప్రకారం రోడ్లకు 15 శాతం, పార్కులకు 5, బడి, ఆసుపత్రి వంటి అవసరాలకు 5, అమ్మి ఖర్చు రాబట్టుకోవడానికి 15 శాతం దాకా తీసుకోవచ్చు. మిగతా 60 శాతం యజమానికే, వీలైనంత వరకు అతని పాత చేను ఉన్న చోటే, చదరపు మూలలతో, రోడ్డు ముఖంతో తిరిగొస్తుంది. ఎకరం ఇచ్చిన రైతుకు 2,904 గజాలు.

ఇక్కడ అమరావతి భూసమీకరణ గుర్తుకు రావడం సహజం. రాజధానికి భూమి ఇచ్చిన రైతుకు అక్కడ మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబుకైతే, అంటే ఏటి పక్కన నీటి వసతి ఉన్న సారవంతమైన నేలకైతే, 1,000, 450. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి తిరిగొచ్చింది 26 నుంచి 30 శాతం. కొత్త రాజధానికి ప్రభుత్వ భవనాల నుంచి ప్రధాన రహదారుల దాకా అన్నీ ఆ నేలలోంచే రావాలి కాబట్టి ఆ లెక్క అలా కుదిరింది. ఊరంచున, కరెంటు, నీళ్లు, ప్రధాన రహదారి ఇప్పటికే కూతవేటు దూరంలో ఉన్న చోట రైతు నుంచి అంత తీసుకోవాల్సిన పని లేదు. సమీకరణ అనగానే అమరావతి నిష్పత్తే వర్తిస్తుందని రైతులు భయపడుతున్నారు. ఆ భయం పోగొట్టడం అధికారుల మొదటి పని.

డబ్బు లెక్క కూడా చూద్దాం. వంద ఎకరాల స్కీములో అమ్మకానికి తీసుకునే 15 శాతం అంటే 72,600 గజాలు. గజం రూ.20 వేలే అనుకున్నా రూ.145 కోట్లు. రోడ్లు, మురుగు కాలువలు, నీటి గొట్టాలు, వీధి దీపాలకు ఎకరాకు రూ.కోటి వేసుకున్నా మిగులే. అయితే ఇది రోడ్డు పడ్డాక పలికే ధర. గండి పడేది ఇక్కడే. ఖజానా నింపుకోవడానికి మొదటి ఏడాదే, మట్టి రోడ్డు కూడా లేకుండా ఆ ప్లాట్లను వేలం వేస్తే సగం ధర రాదు. వచ్చిన సగం వేరే పద్దుకు మళ్లుతుంది, స్కీమ్ రాళ్లు పాతిన దశలోనే ఆగిపోతుంది. కాబట్టి ప్రతి స్కీముకూ విడి ఖాతా ఉండాలి. రోడ్డు కట్ట, కల్వర్టులు పూర్తయ్యాక మూడో వంతు అమ్మాలి, తారు పడ్డాక మిగతాది.

రికార్డుల దగ్గర ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆర్ఎస్ఆర్‌ అనే పాత సర్వే రిజిస్టరులో ఒక విస్తీర్ణం, సాగు వివరాల అడంగల్‌లో ఒకటి, దస్తావేజులో మరొకటి, నేల మీద కొలిస్తే ఇంకొకటి రావడం మామూలే. రీసర్వే జరిగిన గ్రామాల్లో కొత్త పటంలో వచ్చిన విస్తీర్ణాన్ని ఒప్పుకోనివారు ఉన్నారు. ఏ విస్తీర్ణం మీద వాటా లెక్కిస్తారో స్కీమ్ ప్రకటించే ముందే రాతపూర్వకంగా తేల్చాలి. తర్వాత తేలుద్దామనుకుంటే ఒక్క రైతు కోర్టుకెక్కినా వంద ఎకరాలు ఆగుతాయి. తాత పేరునే ఉండిపోయిన పట్టాల విషయంలో వారసులందరి ఉమ్మడి పేరున ఒకే తుది ప్లాటు ఇచ్చి, పంపకం తర్వాత చేసుకోమనాలి. వారసత్వం తేలేదాకా రోడ్డు ఆపకూడదు.

రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా సంగతి వేరే చెప్పాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద అసైన్డ్, ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, సీలింగ్ మిగులు భూములు చేరతాయి. అవి చేరడం న్యాయమే. కానీ ఐదెకరాల సర్వే నంబరులో ఇరవై సెంట్లు పోరంబోకు ఉంటే మొత్తం నంబరే జాబితాలోకి ఎక్కుతోంది. మిగతా నాలుగెకరాల ఎనభై సెంట్ల పట్టాదారు అమ్మలేడు, బ్యాంకులో కుదువ పెట్టలేడు, ప్లాను తెచ్చుకోలేడు. ఎఫ్ఎంబీలో, అంటే పొలాల కొలతల పటాల పుస్తకంలో, ఆ ఇరవై సెంట్లకు సబ్‌డివిజన్ గీసి నంబరు విడగొట్టి, మిగతాదాన్ని జాబితా నుంచి తీసేస్తే సరిపోతుంది. సర్వేయరు, వీఆర్వో, తహసీల్దారు ఒకే రోజు ఒకే చేలో నిలబడితే అయ్యే పని ఇది. ఫైళ్లు విడివిడిగా తిరగబట్టే ఏళ్లు పడుతోంది. నగరం చుట్టుపక్కల మండలాల్లో దీన్ని ఉద్యమంలా చేపడితే ఒక్క కొత్త ఎకరం సేకరించకుండానే ఎంతో స్థలం బయటికొస్తుంది.

ఇక మెరక విషయం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిన తీరు అందరూ చూశారు. ఆ తర్వాత కూడా పల్లపు పొలాల్లో గ్రావెల్ తోలి ప్లాట్లు వేస్తున్నారు. ఎకరం నేలను ఒక మీటరు ఎత్తు లేపాలంటే 4,047 ఘనపు మీటర్ల నింపుడు కావాలి. రోలరు తిరిగాక అణిగేది కలుపుకుంటే దాదాపు ఐదు వేలు. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లు ఐదు వందలు. ఆ గ్రావెల్ ఏదో ఒక కొండ తవ్వితే తప్ప రాదు. కొండలు తవ్వితే, వాలు చెక్కి ఇళ్లు కడితే ఏమవుతుందో మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయినప్పుడు తెలిసింది. పైగా వంద ఎకరాలను మీటరు లేపితే, వరదలో ఆ చేలల్లో నిలిచే నాలుగు లక్షల ఘనపు మీటర్ల నీరు అవతలి కాలనీలోకి వెళ్తుంది. బుడమేరు వరద నీరు పరుచుకునే నేలను ఎన్నటికీ ఇళ్ల స్థలాల లెక్కలో వేయకూడదు. దీని మీద మాకు బేరం లేదు.

మెట్టన ఉన్న చోట కూడా ఎత్తులు ముందు తేల్చాలి. ఇప్పుడు ప్రతి వెంచరూ పక్క వెంచరు కన్నా రెండడుగులు ఎత్తు లేపుకుంటోంది. మొదట కట్టినవాడి ఇల్లు గుంటలో మిగులుతోంది. స్కీములో అయితే మురుగు ఎక్కడ కలవాలో, ఆ చివరి మట్టం ఎంతో మొదట ఖాయం చేసి, అక్కడి నుంచి వెనక్కి వాలు లెక్కించి, ప్రతి రోడ్డు కూడలికీ మట్టం రాయాలి. పంట బోదెలు, మురుగు కాలువలు ఉన్న చోటే ఉంచి వాటి గట్లను రోడ్లుగా మార్చుకుంటే మంచిది. బోదె పూడిస్తే దిగువ రైతుకు నీళ్లు అందవు, అతను అడ్డుపడితే తప్పు అతనిది కాదు.

వ్యాపార స్థలం అంటే రోడ్డు పక్క దుకాణాలే అనుకోవద్దు. నగరానికి అసలు కొరత గోదాములకు, మరమ్మతు షెడ్లకు, చిన్న తయారీ యూనిట్లకు. వన్‌టౌన్ నుంచి హోల్‌సేల్ వ్యాపారం గొల్లపూడి కాంప్లెక్సుకు మారడం వల్ల పాత వీధులకు ఎంత ఊపిరి వచ్చిందో వ్యాపారులకు తెలుసు. ఆటోనగర్ ఏర్పడినప్పుడూ అంతే. గొల్లపూడి నుంచి నున్న వైపుగా చిన్న అవుటపల్లి దాకా వచ్చిన పడమటి బైపాస్ పక్కన ఇలాంటి వ్యాపార వాడ ఒకటి పెట్టే అవకాశముంది. అయితే జాతీయ రహదారి ముఖం ఉంది కదా అని ప్లాటు కొంటే లాభం లేదు. జాతీయ రహదారుల సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ) అనుమతి లేకుండా నేరుగా రోడ్డెక్కడానికి వీల్లేదు. అరవై అడుగుల లోపలి రోడ్డు, దాన్ని సర్వీసు రోడ్డులో కలిపే ఒకే చోటు, ట్రైలరు తిరగడానికి చాలినంత మలుపు ముందే గీయాలి. గన్నవరం వైపైతే విమానాశ్రయ ఎత్తు పరిమితి కూడా చూసుకోవాలి.

ఊరి నడుమ వంద గజాల పాత ఇళ్ల సంగతి కొంచెం. పక్కపక్కనున్న నలుగురు విడివిడిగా కడితే నాలుగు మెట్లు, నాలుగు లిఫ్టులు. ఒక్కోదానికి ప్రతి అంతస్తులో 150 చదరపు అడుగులకు తక్కువ పోదు. కలిపి కడితే ఆరు వందల చోట 250తో సరిపోతుంది, కింద కార్లకు చోటు మిగులుతుంది. ఇలా కలిసేవారికి ప్లాను రుసుములో తగ్గింపు ఇస్తే కలుస్తారు. రోడ్డు వెడల్పు కోసం స్థలం వదిలినవారికి టీడీఆర్ బాండు, అంటే వేరే చోట అదనంగా కట్టుకునే లేదా అమ్ముకునే హక్కు పత్రం, ఇవ్వడం మంచిదే కానీ, వ్యవసాయ భూమికి ఇళ్ల స్థలం విలువ కట్టి బాండ్లిచ్చిన ఉదంతాలు రాష్ట్రంలో బయటపడ్డాయి. బాండు విలువ ఎలా కట్టారో, ఏ సర్వే నంబరుకు ఇచ్చారో అందరికీ కనబడేలా పెట్టకపోతే నిజాయితీగా స్థలం వదిలినవాడి బాండు కూడా అమ్ముడుపోదు.

చిన్న కమతాలకు, ఉన్న ఇళ్లకు స్కీములో మినహాయింపు తప్పదు. ఐదు సెంట్లంటే 242 గజాలు. అందులో 40 శాతం కోస్తే మిగిలే 145 గజాలతో ఆ కుటుంబం ఏం చేస్తుంది? 250 గజాల లోపు వారి నుంచి నేల తీసుకోకుండా, రోడ్డు ఖర్చులో వాటాను వాయిదాల మీద వసూలు చేయాలి. కౌలు రైతుకు, కూలీలకు భృతి స్కీమ్ ఖర్చులోనే కలపాలి. అమరావతిలో భూమి లేని కుటుంబాలకు నెలవారీ పింఛను ఇచ్చిన దారి ఉంది.

గుజరాత్‌లోనూ తుది ఆమోదానికి ఏళ్లకేళ్లు పట్టి స్కీములు నలిగాయి. ముసాయిదా ఆమోదం పొందగానే రోడ్ల స్థలం స్వాధీనం చేసుకునే వీలు కల్పించాకే పని ముందుకు నడిచింది. ఇక్కడా అదే చేయాలి.

సీఆర్‌డీఏకు, నగరపాలక సంస్థకు మా వినతి ఇది. బైపాస్ పక్కన మెట్ట మీదున్న వంద, రెండు వందల ఎకరాల తావు ఒకటి ఎంచుకోండి. సర్వే నంబర్లను మధ్యకు కోయకుండా, ఉన్న రోడ్ల వెంట సరిహద్దు గీయండి. ముసాయిదా పటం ఆ గ్రామ సచివాలయం గోడ మీద పెట్టండి. ప్రతి యజమాని పేరు ఎదుట పాత సర్వే నంబరు, పాత విస్తీర్ణం, తుది ప్లాటు నంబరు, తిరిగొచ్చే గజాలు, ముందున్న రోడ్డు వెడల్పు, ఆ రోడ్డు మట్టం తెలుగులో రాసి ఉండాలి. అభ్యంతరాలు అక్కడే, ఆ గ్రామంలోనే వినండి.

ఇట్లు,
పట్టణ ప్రణాళిక, సర్వే విభాగాల్లో పనిచేసి విరమించిన కొందరు ఉద్యోగులు,
విజయవాడ.