కౌన్సెలర్‌ని పెట్టమన్నారు సరే, తయారు చేసేదెవరు?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీ దృష్టికి వచ్చే ఉంటుంది. కేసు మన విశాఖపట్నానిదే. నీట్ కోచింగ్ కోసం వచ్చి, హాస్టల్లో ఉంటూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి న్యాయం కోసం ఢిల్లీ దాకా వెళ్లారు. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అక్కడితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు గానీ శాసనసభలు గానీ చట్టం చేసేదాకా వీటిని పాటించి తీరాల్సిందే. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలన్నది వాటిలో ఒకటి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కను కూడా ఆ తీర్పు ప్రస్తావించింది.

అదే తీర్పులో హాస్టళ్లలో ఫ్యాన్లను ఆత్మహత్యకు వీల్లేని రకానికి మార్చమన్న ఆదేశం కూడా ఉంది. ఆ పని అయిపోతుంది లెండి. టెండరు పిలిస్తే ఫ్యాన్లు వస్తాయి. వంద మందికి పైగా పిల్లలున్న బళ్లు, జూనియర్ కాలేజీలు, గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, కోచింగ్ సెంటర్లు మన రాష్ట్రంలో ఎన్నున్నాయో మీ శాఖకే బాగా తెలుసు. వాటన్నిటికీ శిక్షణ పొందిన మనుషులు ఎక్కడి నుంచి వస్తారన్నదే నా ప్రశ్న.

నేను సైకాలజీలో పీజీ చేసి ఒక ప్రైవేటు పాఠశాలలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నా పీజీ ఎలా సాగిందో చెబుతాను. ల్యాబ్‌లో ఒకే పొడవున్నా చిన్నా పెద్దా కనిపించే ముల్లర్-లయర్ గీతల పొడవు కొలిచాం. అర్థంపర్థం లేని అక్షరాలు బట్టీపట్టి, ఎంతసేపటికి ఎన్ని మర్చిపోయామో గ్రాఫు గీశాం. నా ప్రయోగానికి కూర్చునేది నా పక్క సీటు అమ్మాయి, ఆమె ప్రయోగానికి నేను. రికార్డు రాసి సంతకం పెట్టించుకుంటే ప్రాక్టికల్ అయిపోయినట్టే. ఫ్రాయిడ్ నుంచి కార్ల్ రోజర్స్ దాకా అందరి మీదా పది మార్కుల ప్రశ్నలకు జవాబులు రాశాం. ఎదురుగా ఒక పిల్లాడిని కూర్చోబెట్టి, వాడితో నేను మాట్లాడుతుంటే వెనక నుంచి గమనించి, తర్వాత 'ఇక్కడ తొందరపడ్డావు, ఇక్కడ వాడిని మాట్లాడనివ్వలేదు' అని చెప్పే గురువు మాత్రం ఆ రెండేళ్లలో ఎవరూ దొరకలేదు.

ఆ పట్టాతోనే ఉద్యోగం వచ్చింది. నిబంధనల ప్రకారం అందులో తప్పేం లేదు. సీబీఎస్ఈ 2018 నిబంధనలు ఫుల్‌టైమ్ కౌన్సెలర్ ఉండాలన్నాయి. అర్హత విషయానికొస్తే సైకాలజీలో డిగ్రీ చాలన్నాయి. పిల్లలతో ఎన్ని గంటలు పనిచేశారు, ఎవరి పర్యవేక్షణలో చేశారు అన్న ఆరాయే లేదు. చేరాక నాకు అప్పగించిన పనులు కూడా ఆ స్థాయిలోనే ఉన్నాయి. ఎవరైనా టీచరు సెలవు పెడితే ఆ పీరియడ్ నాకు, ఫీజు కట్టనివాళ్ల ఇళ్లకు ఫోన్లు నాకు, యాన్యువల్ డే యాంకరింగ్ ఎలాగూ నాకే. కౌన్సెలింగ్ రూమ్ అని బోర్డు ఉన్న గదిలో స్పోర్ట్స్ సామాను పెట్టారు. తలుపు వేస్తే గడియ పడదు. ఎవరో ఒకరు బంతి కోసం వచ్చి తొంగిచూసే గదిలో ఏ పిల్ల నోరు విప్పుతుంది చెప్పండి.

అయినా విప్పుతారు, అదే ఆశ్చర్యం. సోమవారం పొద్దున కడుపునొప్పి అంటూ వస్తారు. పరీక్షల ముందు తలనొప్పి అంటారు. కాసేపు కూర్చోబెడితే అసలు సంగతి బయటికొస్తుంది.

ఇక్కడే శిక్షణ సంగతి తేలిపోతుంది. ఎనిమిదో తరగతి అమ్మాయి వచ్చి, "మేడం, మీకొకటి చెప్తాను, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయండి" అంటుంది. చెయ్యి చాపి నిలబడుతుంది కూడా. మంచి మనసున్న ఎవరైనా ఒట్టు వేసేస్తారు. కౌన్సెలర్ వేయకూడదు. ఆ అమ్మాయి చెప్పబోయేది తన మీద ఎవరైనా చేసిన లైంగిక దాడి గురించైతే, 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెడితే 21వ సెక్షన్ కింద ఆర్నెల్ల దాకా జైలు, సంస్థ బాధ్యుడికైతే ఏడాది దాకా. మరి ఒట్టు వేయనంటే పిల్ల వెనక్కి తిరిగి వెళ్లిపోతుందేమో! "నువ్వు చెప్పింది క్లాసులో ఎవరికీ తెలియదు. నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం నిన్ను కాపాడగలవాళ్లకు చెప్పాల్సి వస్తుంది. ఎవరికి చెబుతానో ముందు నీకే చెబుతాను" అనే మూడు ముక్కలూ ఆ పిల్ల కళ్లల్లోకి చూస్తూ, గొంతు తడబడకుండా చెప్పగలగాలి. సెక్షన్ నంబరు బట్టీపడితే వచ్చే విద్య కాదిది. తోటి విద్యార్థులతో పదేపదే రిహార్సల్ చేయాలి, నేర్పేవాళ్లు దిద్దాలి, తర్వాత నిజమైన బడిలో పెద్దవాళ్ల నీడన చేయాలి.

ఇంకో మాట కూడా అంతే. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని పిల్లవాడిని సూటిగా అడగడం. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని ఇంట్లో, స్టాఫ్‌రూమ్‌లో అందరికీ భయం. అలా అడగడం వల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. కానీ నేర్పకపోతే ఆ ప్రశ్న గొంతు దాటి రాదు. పిల్లవాడు అవునంటే ఆ తర్వాత ఏం చేయాలి? ఒంటరిగా వదలకూడదు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరికి చేయకూడదో తెలియాలి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరు ఎక్కడ కూర్చుంటారో తెలియాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416 గోడ మీద రాసి ఉంటే మంచిదే. పిల్లవాడు ముందు వచ్చేది మాత్రం మనిషి దగ్గరికి.

నోటితో అడిగితే గడగడా చెప్పి, కాగితం మీద నాలుగు వాక్యాలు రాయలేని ఏడో తరగతి పిల్లాడు ప్రతి బడిలోనూ ఉంటాడు. బద్ధకం అని వాడిని కొడతారు. అది లెర్నింగ్ డిజెబిలిటీ కావచ్చని అనుమానించి పరీక్షకు పంపితే, 2016 వికలాంగుల హక్కుల చట్టం వాడికి వర్తిస్తుంది, పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు వస్తాయి. ఆ అనుమానం రావాలంటే కూడా చదువు కావాలి. పదో తరగతి తర్వాత ఎంపీసీ, బైపీసీ తప్ప లోకంలో ఇంకేమీ లేవనుకునే తల్లిదండ్రుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడున్న దారులు చూద్దాం. ఎన్‌సీఈఆర్‌టీ నడిపే గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా ఏడాది కోర్సు. ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు కేంద్రంలో ప్రత్యక్ష శిక్షణ, మూడు నెలలు ఇంటర్న్‌షిప్. పద్ధతి బాగుంది. కానీ మన రాష్ట్రం మైసూరు కేంద్రం పరిధిలో ఉంది. దక్షిణాది అంతా ఆ కేంద్రం మీదే ఆధారపడింది, సీట్లు యాభై. అంతేకాక, మన ప్రభుత్వ బళ్ల పిల్లలు ఏడ్చేది తెలుగులో. ఇక మిగిలినవి శని, ఆదివారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్లు. వాటి గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది.

మన రాష్ట్రంలో పునాది లేక కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఏనాటి నుంచో సైకాలజీ విభాగాలున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనైతే ఒకప్పుడు పారాసైకాలజీకి ప్రత్యేక విభాగమే పెట్టారు, దేశదేశాల నుంచి వచ్చి చూసి వెళ్లేవారట. అతీంద్రియ శక్తుల మీద అంత శ్రద్ధ పెట్టగలిగినవాళ్లం, ఇంటర్ పిల్లల టెన్షన్ మీద పెట్టలేమా? అదే విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. చుట్టూ ప్రభుత్వ బళ్లు, జూనియర్ కాలేజీలు, హాస్టళ్లు ఉన్నాయి. వీటిని ఒకదానితో ఒకటి కలిపితే చాలు.

నేను కోరేది ఇదీ. ఈ రెండు విశ్వవిద్యాలయాల్లో ముందుగా స్కూల్ కౌన్సెలింగ్‌లో రెండేళ్ల పీజీ మొదలుపెట్టండి. మొదటి ఏడాది పాఠాలు, రిహార్సళ్లు, వారానికో రోజు బడి. రెండో ఏడాది పూర్తిగా క్షేత్రంలోనే: ఒక సెమిస్టర్ ఉన్నత పాఠశాలలో, ఒకటి రెసిడెన్షియల్ కాలేజీలోనో గురుకులంలోనో, మధ్యలో కొన్ని వారాలు మానసిక వైద్యశాలలో. పాఠం ఇంగ్లీషులో చెప్పుకున్నా ఫర్వాలేదు, పిల్లలతో చేసే పనికి పెట్టే పరీక్ష మాత్రం తెలుగులోనే జరగాలి. అమెరికాలో ఈ రంగపు గుర్తింపు సంస్థ ప్రమాణాల ప్రకారం పీజీ విద్యార్థి 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో చేసే తొలి అభ్యాసం), ఆపైన 600 గంటల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి. మనం అక్కడి హంగులన్నీ తెచ్చుకోనక్కర్లేదు. గంటల లెక్క ఒక్కటి తెచ్చుకుందాం, సంతకాలతో సరిపెట్టకుండా.

టీచర్లకే రెండు రోజుల శిక్షణ ఇస్తే పోదా అని మీ అధికారులు అనవచ్చు. టీచర్లకు శిక్షణ ఇవ్వాల్సిందే, ఏడాదికి రెండుసార్లు ఇవ్వమని సుప్రీంకోర్టు విడిగా చెప్పింది కూడా. పిల్లవాడిలో మార్పు ముందు కనిపెట్టేది క్లాస్ టీచరే. కానీ మార్కులు వేసే మనిషికే లోపలి మాట చెప్పుకోమంటే ఎలా చెబుతాడు? ఆసక్తి ఉన్న టీచర్లను జీతంతో సహా డెప్యుటేషన్ మీద ఈ కోర్సుకు పంపండి. అది వేరే సంగతి, అది మంచి సంగతి.

కోర్సు పెట్టినా ఉద్యోగం లేకపోతే ఎవరూ చేరరు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులున్నాయి. వాటిలో కౌన్సెలర్ పోస్టు ఒక్కటీ లేదు. సమగ్ర శిక్ష కింద కాంట్రాక్టు మీద ఎందరిని తీసుకున్నా, ఏ ఏడాదికి ఆ ఏడాది రెన్యువల్ కోసం ఎదురుచూసే మనిషి పిల్లలకు ధైర్యం ఎక్కడి నుంచి ఇస్తాడు? రెగ్యులర్ కేడర్ కావాలి. సర్వీసు నిబంధనల్లో సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు వేయకూడదని ఒక వాక్యం రాయాలి. గడియ పడే గది ఉండాలన్నది కూడా రాయండి, నవ్వుకున్నా సరే.

మన దగ్గర కమిటీలకు కొదవ లేదు. కార్పొరేట్ కాలేజీల్లో పిల్లల చావుల మీద నీరదా రెడ్డి కమిటీ వేశారు, చక్రపాణి కమిటీ వేశారు. కాబట్టి దయచేసి ఇంకో కమిటీ వద్దు. పాఠశాల విద్య, ఇంటర్, విశ్వవిద్యాలయాలు మూడూ మీ శాఖ కిందే ఉన్నాయి. సిలబస్ బాధ్యత ఉన్నత విద్యామండలికి అప్పగించి, బళ్లలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న కౌన్సెలర్లను కూడా ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టండి. మొదటి రెండు బ్యాచ్‌లకు పర్యవేక్షకులు దొరకడం కష్టమే. అందుకు మానసిక వైద్యశాలల సైకాలజిస్టుల సమయాన్ని వారానికి ఒక రోజు కేటాయించేలా ఆరోగ్య శాఖతో మాట్లాడాల్సింది మీరే.

పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ వచ్చే నోటిఫికేషన్‌లోగా ఈ కోర్సుకు అనుమతి ఇస్తే, మొదటి బ్యాచ్ రెండేళ్లకు బయటికొస్తుంది. ఈలోపు ఇప్పటికే బళ్లలో ఉన్న నాలాంటి వాళ్ల కోసం వేసవి సెలవుల్లో అదే సిలబస్‌తో బ్రిడ్జి కోర్సు పెట్టండి. ఫీజు మేమే కట్టుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠశాల కౌన్సెలర్