పరగడుపు అంటే ఫిట్స్ మాత్ర మానేయడం కాదు

సంపాదకులకు,

అయ్యా,

కావలిలో మందుల షాపు నడుపుతుంటాను. ఉదయగిరి, వింజమూరు వైపు నుంచి నెలనెలా ఫిట్స్ మాత్రలకు వచ్చేవాళ్ళలో గుండె ఆపరేషన్ కోసం నెల్లూరుకో తిరుపతికో చెన్నైకో వెళ్ళేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకు బాగా గుర్తుండేది ఒకటే మాట: "రాత్రి నుంచి ఏమీ తీసుకోవద్దు". ఇంట్లోవాళ్ళు మాత్రల్నీ అందులో కలిపేస్తారు. నిజానికి ఆ ఉదయం ఫిట్స్ మాత్ర గుక్కెడు నీళ్ళతో వేసుకోమనే మత్తు డాక్టర్లు మామూలుగా చెబుతారు.

మోతాదు తప్పితే మూర్ఛ తిరగబెట్టే రోగి, అదే రోజు ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే బైపాస్ మెషీన్ మీదకు వెళ్తాడు. మెషీన్‌లోని ద్రవం కలిసి రక్తం పలచబడుతుంది, దాంతోపాటు రక్తంలో ఫిట్స్ మందు శాతమూ తగ్గుతుంది. రక్తస్రావం ఆగడానికిచ్చే ట్రానెక్సమిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో ఫిట్స్ తెప్పించగలదు. తర్వాత ఐసీయూలో మాత్ర మింగలేడు కాబట్టి ఇంజెక్షన్ కావాలి. అది ఫెనిటాయిన్ అయితే నిమిషానికి 50 మిల్లీగ్రాములు మించకూడదు. తొందరపడితే బీపీ పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడేవారికి ఇన్ఫెక్షన్‌కని మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ పెడితే రక్తంలో వాల్‌ప్రోయేట్ బాగా పడిపోతుంది. వాల్వు మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి కార్బమజెపిన్ అనే ఫిట్స్ మందు ఆ వార్ఫరిన్ పనితనాన్ని తగ్గిస్తుంది.

ఇవన్నీ డాక్టర్లకు తెలియనివి కావు. రోగికి ఫిట్స్ ఉన్నాయని వాళ్ళకు తెలియాలి, అంతే. అక్కడే వస్తోంది చిక్కు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టే ఊళ్ళు మావి. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంటే తండ్రి జబ్బు ఆస్పత్రిలో కూడా దాస్తారు. పెళ్ళికి అడ్డంకుల జాబితాలో ఉన్న మూర్ఛను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారని చెబితే, చట్టం సంబంధాలు కుదర్చదు కదా అంటారు. వాళ్ళ మాటా కొట్టిపారేయలేం! చెబితే ఆపరేషన్ చెయ్యరేమోనన్న భయం ఇంకొకటి.

అందుకే ఆపరేషన్ తేదీ ఇచ్చేటప్పుడే "ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, ఏ మాత్ర వాడుతున్నారు" అని బంధువుల ఎదుట కాకుండా రోగిని విడిగా అడగాలి. ఆ ఉదయం వేసుకోవాల్సిన మాత్ర ఏదో, మానాల్సింది ఏదో తెలుగులో రాసివ్వాలి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఆపరేషన్లు చేసే ఆస్పత్రులన్నిటికీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల వైద్యాధికారులు ఈ చీటీ తప్పనిసరి చెయ్యాలి. పెద్ద ఖర్చేమీ కాదు, అర కాగితం.

ఈలోగా, ఆపరేషన్‌కు వెళ్తున్నామని చెప్పినవాళ్ళకు మాత్రలోని మందు అసలు పేరు (కంపెనీ పెట్టిన పేరు కాదు), మోతాదు, వేసుకునే వేళ రాసిచ్చి కేస్ షీటుకు పిన్ను కొట్టించమంటున్నాను. మిగతా షాపులవాళ్ళూ ఆ పని చెయ్యొచ్చు.

— ఒక ఫార్మసిస్టు, కావలి