ఆపరేషన్ విశాఖలో, మిగతా బతుకు బరంపురంలో

సంపాదకుడిగారికి నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీలో అప్పుడప్పుడు ఒక ఫొటోల జత వస్తుంటుంది. ఎడమ పక్క లావుపాటి మనిషి. కుడి పక్క అదే మనిషి సగమై, పాత ప్యాంటు నడుము ముందుకు లాగి పట్టుకుని నవ్వుతూ. కింద తగ్గిన కిలోలు, ఆసుపత్రి ఫోన్ నంబరు. ఆ కుడి పక్క ఫొటో బరువు తగ్గించే ఆపరేషన్ అయిన ఎన్నాళ్ళకు తీశారో మాత్రం ఉండదు. నేను ముందు వెతికేది అదే. నాలుగేళ్ళ కిందట నేనూ ఆ ఆపరేషన్ చేయించుకున్నదాన్ని. పద్నాలుగో నెలలో తీసి ఉంటే నా ఫొటో కూడా మీ పేజీకి బాగా పనికొచ్చేది.

మాది ఒడిశాలోని బరంపురం. ఇంటి వ్యాపారం అప్పడాలు, పచ్చళ్ళు. కూర్చుని చేసే పని, రుచి చూడకపోతే జరగని పని. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 108 కిలోలు. మోకాళ్ళు మొరాయించాక విశాఖలో ఒక ఆసుపత్రికి వెళ్ళాను, స్లీవ్ చేశారు. అంటే కడుపు సంచిలో 75 నుంచి 80 శాతం తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనేనట. నిజంగానే మొదటి ఏడాది కంచం ముందు కూర్చున్నా ఆకలి గుర్తొచ్చేది కాదు. 34 కిలోలు తగ్గాను. ఆ తర్వాత రెండున్నరేళ్ళలో 9 కిలోలు వెనక్కి వచ్చాయి.

"డబ్బు పోయె, ఒళ్ళు మళ్ళీ వచ్చె" అన్నారు చుట్టాలు. ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో చాలామందికి ఏడాది, రెండేళ్ళ మధ్య బరువు అట్టడుగుకు వెళ్ళి, తర్వాత కొంత పెరగడం మామూలే. పాత లెక్కతో చూస్తే నేనింకా 25 కిలోలు తక్కువే ఉన్నాను, మేడ మెట్లు ఎక్కుతున్నాను. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ఆ 9 కిలోలకు అంత టెన్షన్ పడేదాన్ని కాదు.

అదే వార్డులో నా పక్క మంచం ఆవిడది పర్లాకిమిడి. ఆమెకు బైపాస్ చేశారు. గుండెది కాదు, కడుపును చిన్నది చేసి, తిండి పేగులో కొంత భాగాన్ని దాటి పోయేలా కలిపేది. మామూలుగా బైపాస్‌తో స్లీవ్ కంటే కాస్త ఎక్కువే తగ్గుతారు. ఆవిడ మాత్రం 19 కిలోల దగ్గర ఆగిపోయింది. "నోరు కట్టుకోలేదు" అని ఇంట్లో అందరూ దెప్పుతారు. ఆవిడకు పన్నెండేళ్ళుగా షుగర్, రోజూ ఇన్సులిన్. షుగర్ ఉన్నవాళ్ళు, అందులోనూ ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు, సగటున తక్కువ తగ్గుతారు. వయసు, మొదటి బరువు, తల్లిదండ్రుల నుంచి వచ్చిన శరీర తత్వం, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యం మాత్రలు, దిగులు, నిద్ర, ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. ఇంతకీ ఆపరేషన్ తర్వాత ఆవిడకు ఇన్సులిన్ సూది పూర్తిగా ఆగిపోయింది. దాన్ని లెక్కేసేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. తూకం మిషను మీద అది కనబడదు కదా!

నా 9 కిలోల్లో నా తప్పు లేదనను. గిన్నెడు అన్నం పట్టని కడుపు, గుప్పెడు గుప్పెడుగా రోజంతా మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) వేసుకుంటే వద్దనదు. చికెన్ రెండు ముక్కలకే నిండిపోతుంది. చెరుకురసం, బేల్ పణా (మారేడు పండు పానకం) మాత్రం గ్లాసులకు గ్లాసులు జారిపోతాయి. ఎండల వంకతో నడక మానేశాను. రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులైనా తినాలన్నారు. డిశ్చార్జి రోజు చేతిలో పెట్టిన ఇంగ్లిష్ కాగితంలో టోఫు, బ్రకోలీ అని ఉంది. గుడ్లు, చేపలు, పెసలు, మన వీధి చివర దొరికే ఛెనా (పాలు విరగ్గొట్టి తీసే పనీర్ లాంటిది) అని రాసి ఉంటే మా కోడలు మొదటి వారం నుంచే వండి పెట్టేది.

మాత్రల విషయం ఇంకా అన్యాయం. ఒంట్లో బాగుంది కదా అని రెండో ఏడు విటమిన్లు ఆపేశాను. మొదటి ఏడాది తర్వాత ఆసుపత్రి నుంచి ఫోన్లు కూడా ఆగిపోయాయి. మూడో ఏడు అరికాళ్ళలో తిమ్మిర్లు, నాలుగడుగులకే నీరసం. ఇక్కడ ఒక డాక్టరుగారు వయసు ప్రభావమన్నారు, ఆపరేషన్ సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు. చివరికి రక్త పరీక్ష చేయిస్తే బీ12 బాగా తక్కువ. బీ12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం చూసుకోవాలని అప్పుడు గట్టిగా బుర్రకెక్కింది. నా బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు చూసే లెక్క, ఆపరేషన్‌కు ముందు దాదాపు 44 ఉండేది. ఇన్సూరెన్స్ నియమాల్లో 40 దాటితే, లేదా 35 దాటి తీవ్రమైన జబ్బులుంటే ఈ ఆపరేషన్‌కు డబ్బు వస్తుంది. మాకూ వచ్చింది. తర్వాతి మాత్రలకు, పరీక్షలకు మా పాలసీలో పైసా లేదు.

పరీక్షలకు వెళ్ళాలంటే విశాఖకు రైల్లో నాలుగైదు గంటలు, తిరిగి రావడానికి అంతే. కొట్టు మూసుకుని, తోడుకు ఒకరిని తీసుకుని ఎన్నిసార్లు వెళ్తాం? క్రమం తప్పకుండా డాక్టరుకు చూపించుకునేవాళ్ళ బరువే ఎక్కువగా తగ్గుతుందని, నిలుస్తుందని వైద్యులే అంటారు. మరి గంజాం, గజపతి, రాయగడ జిల్లాల వాళ్ళం చూపించుకునేది ఎక్కడ?

మీ పత్రికను కోరేది చిన్నది. ఇకమీద అలాంటి ఫొటో వేసినప్పుడు అది ఎన్నో నెలలో తీసిందో కింద రాయించండి. వీలైతే అయిదేళ్ళ తర్వాత అదే మనిషి దగ్గరికి విలేకరిని మళ్ళీ పంపండి.

ప్రభుత్వాన్ని కోరేది కూడా పెద్దదేం కాదు. మా ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రిలో, పర్లాకిమిడి, రాయగడ పెద్దాసుపత్రుల్లో నెలకొక రోజు ఇలాంటివాళ్ళను, ఎక్కడ ఆపరేషన్ చేయించుకున్నా సరే, చూడాలి. ఆపరేషన్ థియేటర్ అడగడం లేదు. ఒక బల్ల, తూకం మిషను, రక్త పరీక్ష, ఛెనా అంటే తెలిసిన ఒక డైటీషియన్ చాలు. తెలుగు రాకపోయినా ఫరవాలేదు, ఒడియాలో చెబితే మాకు అర్థమవుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా