ఘంటసాల వర్ధంతి సంగీత విభావరి: జమా ఖర్చుల వివరణ

ఫిబ్రవరి 11 నాటి సభకు వచ్చిన సొమ్ము, అయిన ఖర్చు దాతలకూ టిక్కెట్టు కొన్నవారికీ తెలియజేస్తున్నాం.

జమ: పోయినేటి నిల్వ రూ. 18,450, విరాళాలు 2,36,000, టిక్కెట్లు 1,05,900, సావనీరు ప్రకటనలు 71,500, బ్యాంకు వడ్డీ 1,130. మొత్తం రూ. 4,32,980. టిక్కెట్లలో 300 రూపాయలవి 210, 150 రూపాయలవి 286 అమ్ముడయ్యాయి. ఉచిత పాసులు 90 వెళ్లాయి. అది ఎక్కువే. ధర 500 దాటలేదు కనుక జీఎస్టీ పడలేదు.

ఖర్చులో పెద్ద వాటా కళాకారులదే. వాద్యకారులు 28 మంది. స్థానికులు 16 మందికి తలా 4,000, బయటి నుంచి వచ్చిన 12 మందికి తలా 6,500, వెరసి 1,42,000. వయోలా, చెల్లో, డబుల్ బాస్, క్లారినెట్ వాయించేవారు ఊళ్లో దొరకరు. వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్‌కు 40,000, వీణకు 25,000, వేణువుకు 20,000, గాయకులిద్దరికీ కలిపి 30,000. ప్రయాణం, బస 38,640.

"అదే కండక్టర్‌ను మళ్లీ ఎందుకు పిలిచారు?" అని కొందరు అడిగారు. లెక్క నొటేషన్ (వాద్యకారులు చూసి వాయించే స్వరాల రాత) దగ్గర ఉంది. పాత సినిమా పాటల పార్టులు అచ్చులో దొరకవు. రికార్డు విని ఒక్కో వాద్యానికీ విడిగా రాయించాలి. పోయినేడు 13 పాటలకు 23,400 అయింది. ఆ కాగితాలపై బో (వయొలిన్ కమాను) పైకా కిందకా అని పెన్సిలుతో పెట్టిన గుర్తులు ఆయనవే. వేరొకరు వస్తే అవి చెరిపి మళ్లీ మొదలుపెట్టాలి. ఈసారి కొత్తవి 5 పాటలే: 9,000. గాయకుడి శ్రుతి రెండు నుంచి ఒకటిన్నరకు, అంటే అరమెట్టు కిందికి, దిగడంతో రెండు పాత పాటలు తిరగరాయించాం: 1,200. కీబోర్డుకు మీట నొక్కితే చాలు, వేణువుకు వేణువు మారిస్తే చాలు. వయొలిన్లకు వేళ్ల వరసే మారిపోతుంది. క్లారినెట్ పార్టు ఎలాగూ వేరే శ్రుతిలో రాయాలి. జిరాక్సు, ఫోల్డర్లు, ఫ్యాను గాలికి కాగితాలు లేవకుండా క్లిప్పులు: 1,000.

రిహార్సల్ హాలు, టిఫిన్లు రెండు రోజులకు 18,300. మొదటి రోజు తీగవాద్యాలే కూర్చున్నాయి. గాయకులు, సోలో (ఒంటరిగా) వాయించేవారు రెండో రోజు కలిశారు. అందరినీ ఒకేసారి పిలిస్తే సగం మంది ఊరికే కూర్చుంటారు.

సౌండ్, జనరేటర్ 36,500. వయొలిన్లకు తలా ఒక పికప్ (వాద్యానికే తగిలించే పరికరం) పెడితే ధ్వని సన్నబడి రేకులా మోగుతుంది కనుక ఇద్దరికొక కండెన్సర్ మైకు పెట్టించి, తబలా, ఢోలక్‌లను దూరంగా కూర్చోబెట్టాం. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు డిజిటల్ మిక్సర్ ఆగితే మళ్లీ లేవడానికి సమయం పడుతుంది. దానికి విడిగా యూపీఎస్ అద్దెకు తెచ్చాం.

కళాక్షేత్రం అద్దె 28,000, సావనీరు, ఫ్లెక్సీలు 24,600, శాలువాలు, జ్ఞాపికలు 3,200, చిల్లర 860. లైసెన్సు, అనుమతులకు 10,900. పాటలు మనమే వాయించి పాడినా రచన, స్వరకల్పన హక్కులకు ఐపీఆర్‌ఎస్ (రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే సంస్థ) లైసెన్సు తీసుకోవాల్సిందే. రికార్డులు వేయలేదు కనుక వాటి లైసెన్సు అక్కర్లేకపోయింది.

మొత్తం ఖర్చు రూ. 4,29,200. నిల్వ 3,780 (బ్యాంకులో 3,100, నగదు 680). ప్రకటనల బాకీ 12,500 ఇంకా రావాలి, దాన్ని జమలో చూపలేదు. బాకీ ఉన్నవారు సంఘం ఖాతాకే జమ చేయండి, ఎవరి చేతికీ నగదు ఇవ్వకండి. వోచర్లు, రసీదు పుస్తకాల నకళ్లు కోశాధికారి దగ్గర చూడవచ్చు. 18 పాటల నొటేషన్ సెట్టు సంఘం బీరువాలో ఉంది. వేరే ఊరి సభలవారు అడిగితే జిరాక్సు ఖర్చుకే ఇస్తాం.