ఆ ప్రశ్న అడిగిన డాక్టరమ్మకు కృతజ్ఞతలు

సికింద్రాబాద్ వైపు ఒక ఆస్పత్రిలో, మానసిక వైద్య విభాగంలో పీజీ చదువుతున్న అమ్మాయికి ఈ కృతజ్ఞతలు. పేరు రాయడం లేదు. చదివితే తనకే తెలుస్తుంది.

డిప్రెషన్‌కు నేను సెర్ట్రలిన్ వాడుతూ వచ్చాను. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, కడుపులో తిప్పుతోందా అని అందరు డాక్టర్లూ అడిగారు. ఈ అమ్మాయి మాత్రం మా అత్తగారిని "అమ్మా, కాసేపు బయట కూర్చుంటారా" అని పంపించి, బీపీ సంగతి అడిగినంత మామూలుగా అడిగింది: భార్యాభర్తల కలయిక ఎలా ఉంది, కోరిక తగ్గిందా, భావప్రాప్తి కలుగుతోందా అని.

పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఫ్లైఓవర్ల కింద స్తంభాలకు అంటించే పోస్టర్లు చూడండి, అన్నీ మగతనం గురించే, ఆడవాళ్ళ ఊసే ఉండదు. (అలాంటి మందుల ప్రకటనలు కూడదని 1954లోనే చట్టం వచ్చింది. జిగురు డబ్బా పట్టుకుని తిరిగేవారికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.)

ఒళ్ళు మొద్దుబారినట్టు ఉంటోందని చెప్పాను. మందు మొదలుపెట్టకముందా, తరువాతా అని అడిగింది. డిప్రెషన్ కూడా కోరికను చంపేస్తుందట. థైరాయిడ్, షుగరు, కొన్ని బీపీ మందులు కూడా కారణం కావచ్చట. నాకు దిగులు తగ్గి మనసు తేరుకున్నాకే ఇది మొదలైంది కాబట్టి అనుమానం బిళ్ళ మీదికి పోయింది. సెరొటోనిన్‌ను పెంచే మందుల్లో ఇది చాలామందికి ఉండేదేనని, నా మనసులో లోపం కాదని చెప్పింది. శీఘ్రస్ఖలనానికి మగవారికి ఇచ్చే డాపాక్సెటిన్ కూడా ఈ కుటుంబంలోదేనట. నాకు తిప్పలు తెచ్చిన గుణమే అక్కడ వైద్యమైందన్నమాట! ఆ గదిలో నవ్వుతానని నేను అనుకోలేదు.

ధైర్యం వచ్చి మా బంధువులమ్మాయి సంగతీ అడిగేశాను. మానసిక జబ్బుకు ఇచ్చే రిస్పెరిడోన్ అనే మందు వాడుతుండగా నెలసరి ఆగిపోయి, రొమ్ముల్లో పాలు వస్తే, పెళ్ళి కాని పిల్లకు ఇదేమిటని ఇంట్లో పెద్ద రభస జరిగింది. ఆ మందు ప్రొలాక్టిన్ హార్మోన్‌ను పెంచుతుందని, రక్తపరీక్షతో తెలుస్తుందని, వాళ్ళ డాక్టరుకు వెంటనే చెప్పమని అంది. ఎవరో ఒకరు ముందే ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ పిల్లకు అన్ని ఏడుపులు తప్పేవి. దుష్ప్రభావాలతో సహా వైద్యం వివరాలు తెలుసుకోవడం రోగి హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఆచరణలో చీటీ చేతికిచ్చి తరువాతి పేషెంటును పిలవడమే ఎక్కువ.

"బిళ్ళ మానేయ్, అన్నీ అవే సర్దుకుంటాయి" అని ఆఫీసులో ఒకావిడ సలహా ఇచ్చింది. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు ఉండడం జరగవచ్చని, తగ్గించాలన్నా మార్చాలన్నా తామే మెల్లగా చేస్తామని డాక్టరమ్మ చెప్పింది. కొద్దిమందికి మందు ఆపినా కోరిక, భావప్రాప్తి విషయంలో ఈ ఇబ్బంది మిగిలిపోవచ్చని, అందుకే 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ మందు వివరాల చీటీలో హెచ్చరిక చేర్చమందని కూడా దాచకుండా చెప్పింది. భయపెట్టే మాటే, కానీ ఆ మాట విన్నాకే నాకు ఆమె మీద గురి కుదిరింది.

మా ఆయనకు కూడా కృతజ్ఞతలు. నాకు తన మీద ఇష్టం పోయిందేమోనని లోలోపల కుములుతూ, నోరు విప్పి అడగలేక ఊరుకున్నారట. తరువాతిసారి తానూ వచ్చి, "నేనేం చేయాలి?" అని డాక్టరమ్మనే అడిగారు. ఈ పోస్టు ముందు ఆయనే చదివారు. తన గురక గురించి రాసిన వాక్యం ఒక్కటే కొట్టేశారు.

చివరికి సెర్ట్రలిన్ తగ్గిస్తూ బుప్రోపియాన్ అనే మరో డిప్రెషన్ మందుకు మార్చారు. మార్చేముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని గుచ్చి గుచ్చి అడిగారు. పొద్దున వేసుకుంటేనే నిద్ర చెడదని మందుల షాపు తమ్ముడు గుర్తుచేశాడు, అతనికీ ధన్యవాదాలు. అంతా మునుపటిలా అయిందని చెప్పను గానీ, ఒళ్ళు మళ్ళీ నాదిగా అనిపిస్తోంది, దిగులూ తిరిగి రాలేదు.

నాకు పడిన మందు పేరు చూసి మీరు మార్చుకోకండి, రాసిన డాక్టరునే అడగండి. ఎదురుగా అడగడానికి నోరు రాకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి. ముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ ఉంది, నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.