థర్మకోల్, వాడిన నూనె విడిగా ఉంచడం గురించి

సభ్యులందరికీ నమస్కారం. టీవీ, ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చే థర్మకోల్‌లో దాదాపు 98 శాతం గాలే కాబట్టి చెత్తబండి నిండుతుందే తప్ప తూకానికి ఏమీ రాదు, అందుకే పాత సామాన్లవాళ్లు కూడా దాన్ని తీసుకోవడానికి ఇష్టపడరు. కానీ దాన్నే పూసలుగా నలిపి సిమెంటులో కలిపితే, బరువు మోయనక్కరలేని అడ్డుగోడలకు తేలికపాటి దిమ్మెలు తయారవుతాయి. వంటనూనె వేడికి ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. మాడిన మూకుడు అంచున జిగురుగా పట్టేసే పొర అదే. ఈ గుణంతోనే బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సిమెంటు లేకుండా దిమ్మెలు చేసి చూపారు, నాకు ఇది ఎంతో ఆశ కలిగించిన విషయం. పదేపదే కాచినప్పుడు నూనె చెడి అందులో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనెను వంటకు వాడకూడదని 2018 నుంచి మన దేశంలో నిబంధన ఉంది. కనుక గారెలు వేయించిన నూనెను సింకులో పోయకుండా చల్లార్చి, వడగట్టి సీసాలోనూ, థర్మకోల్‌ను టేపు ఊడదీసి పొడి సంచిలోనూ ఉంచవలసిందిగా కోరుతున్నాను. థర్మకోల్‌ను దయచేసి ఎవరూ కాల్చవద్దు.